మూడు వందల మిల్లీమీటర్లు

డెస్ సంచీలో రెండు చొక్కాలు, ఒక తువ్వాలు, గడ్డం గీసుకునే సామాను, కెమెరా పెట్టుకున్నాడు. పెర్త్ నగరంలో రెండు రాత్రులు ఉండి రావడానికి అంతే చాలు. నేను అన్నీ బయటికి తీసి, మళ్ళీ మడతపెట్టి సర్దాను. మా ఇంట్లో ఎవరు సంచీ సర్దుకున్నా అందులో ఏమేం పెట్టారో నాకు గుర్తుండిపోతుంది. నాన్న ఆఖరిసారి ముత్యపు చిప్పల పడవ ఎక్కినప్పుడు రెండు లుంగీలు, ఒక పొగాకు డబ్బా. నా భర్త ఆసుపత్రి విమానం ఎక్కినప్పుడు ఒక దువ్వెన, కళ్ళద్దాల పెట్టె.

"అక్కా, లెన్స్ కొనడానికి పోతున్నా. యుద్ధానికి కాదు," అన్నాడు డెస్.

"బీపీ మాత్రలు పెట్టుకున్నావా?"

"నాకు అరవై నాలుగేళ్ళు."

"అందుకే అడుగుతున్నా."

"అంత బెంగైతే నువ్వూ రా. ఎలాగూ అక్కడ అంకెలు చదివి చెప్పాల్సింది నువ్వేగా."

అది నిజం. డెస్ తొమ్మిదో ఏట బడి మానేసి చిప్పల గోదాములో పనికి చేరాడు. అక్షరాలు వచ్చు గానీ చదవడు. నేనూ పెద్దగా బడికి వెళ్ళలేదు. పాత పేపర్లు, ఆటుపోట్ల పట్టికలు ముందేసుకుని నాకు నేనే నేర్చుకున్నాను. వాడి కెమెరాల పుస్తకాలన్నీ గట్టిగా చదివి వినిపించింది నేనే. ఏ లెన్స్ ఎంత బరువు, ఎంత దూరం చూస్తుంది, ఎంత వెలుతురు పట్టుకుంటుంది, ఇవన్నీ వాడికంటే నాకే బాగా తెలుసు. ఇద్దరం కలిసే వెళ్ళాం.

ఆస్ట్రేలియా పడమటి తీరాన మా ఊరు బ్రూమ్‌లో డెస్ శనివారాలు ఫుట్‌బాల్ ఫొటోలు తీసేవాడు, మిగతా రోజుల్లో అఖాతం ఒడ్డున పక్షుల ఫొటోలు. క్లబ్బు హాల్లో గోడ మీద ఉన్నవన్నీ వాడు తీసినవే. వాడి పాత లెన్స్ ఆరు వందల మిల్లీమీటర్ల జూమ్. చాలా దూరం లాగేది, కానీ వెలుతురు తక్కువ. పొద్దు కాస్త వాలితే చాలు, ఫొటో నిండా ఇసుక చల్లినట్టు గరుకు వచ్చేది. ఎగిరే పిట్ట రెక్కలు అలుక్కుపోయేవి. సాయంత్రం ఐదుంపావు దాటితే ఆ లెన్స్‌కు ఇక కళ్ళు కనపడవు.

నాకు కావలసింది అదే. మా అఖాతంలో పాటు వచ్చినప్పుడు, అంటే సముద్రం వెనక్కి తీసినప్పుడు, నీరు కంటికి ఆనకుండా పోతుంది. మిగిలేదంతా బూడిదరంగు బురద. తిరిగి వచ్చేటప్పుడు ఆ నీరు ఎదురుగా రాదు. ముందు మన వెనక ఉన్న కాలువల్లోకి పాకుతుంది. డెస్ ఒడ్డుకు నాలుగు వందల అడుగుల దూరంలో గట్టిగా ఉండే గవ్వల దిబ్బ మీద నిలబడి ఫొటోలు తీసేవాడు. దిబ్బకు ఇవతల ఒక కాలువ ఉంది. నేను కొండగట్టు మీద కారులో కూర్చుని, ఒళ్ళో ఆటుపోట్ల పట్టిక పెట్టుకుని చూస్తూ ఉండేదాన్ని. ఐదుంపావుకు లెన్స్ పని అయిపోయేది. వాడు తిట్టుకుంటూ సామాను సర్దుకుని వచ్చేసేవాడు. పదిహేడేళ్ళు వాడిని వేళకు ఇంటికి చేర్చింది ఆ గుడ్డి లెన్సే.

మరి కొత్తది ఎందుకంటే, ఆ జూలైలో మైదానంలో దెబ్బ తగిలింది. మైదానం హద్దు గీత పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఫొటో తీస్తున్నాడు. లెన్స్‌లోంచి చూసేవాడికి ఎదుటివాడు ఎంత దగ్గరికి వచ్చాడో తెలియదు. బొమ్మ నిండా మొహం బాగా వచ్చిందని సంబరపడుతుండగానే తొంభై కిలోల కుర్రాడు బంతితో సహా వచ్చి మీద పడ్డాడు. కుడి భుజం ఎముక విరిగింది, జూమ్ రెండు ముక్కలైంది. క్లబ్బు కార్యదర్శి కీత్ ఆసుపత్రికి వచ్చి మంచం పక్కన నిలబడ్డాడు.

"డెస్ అంకుల్, నిన్ను ఫొటో తియ్యమన్నాం గానీ అడ్డుకోమన్నామా?"

"ఫొటో వచ్చిందా లేదా చూడు ముందు," అన్నాడు డెస్.

"వచ్చింది. వాడి ముక్కు రంధ్రాలు రెండూ వచ్చాయి. ఇంకోమాట. దీపాల కింద ఆడే మ్యాచ్‌ల ఫొటోల్లో మనవాళ్ళంతా దయ్యాల్లా వస్తున్నారు. ఇందులో మావాడెవడయ్యా అని తల్లులు అడుగుతున్నారు. వెలుతురు లెన్స్ ఒకటి కొనుక్కోరాదూ?"

డెస్ మనసులో ఉన్నది ఫుట్‌బాల్ కాదు. ఏటా మార్చి, ఏప్రిల్ నెలల్లో మా బురదలో మేసిన పక్షులు గుంపులుగా లేచి సైబీరియా దాకా పోతాయి. పొద్దు గుంకే వేళకు లేస్తాయి. పున్నమి రోజున చంద్రుడు నీళ్ళ మీద అప్పుడే పైకి వస్తుంటాడు, ఆకాశంలో ఇంకా నీలం మిగిలి ఉంటుంది. ఆ పది నిమిషాల్లో ఒక గుంపు చంద్రుడికి అడ్డంగా పోతే ఆ ఫొటో తీయాలని వాడి కోరిక. పదకొండు ఏప్రిల్‌లు ప్రయత్నించాడు. పదకొండుసార్లూ ఇసుక చల్లిన బొమ్మలే వచ్చాయి.

భుజం అతుక్కున్నాక వాడు తన చిన్న పడవ అమ్మేశాడు. లెన్స్ కోసం. నేను సంతోషించాను. పడవ పోయింది కదా, ఇక సముద్రం మీదికి పోడు అనుకున్నాను.

పెర్త్‌లో ఆ దుకాణం ఒక సందులో మేడ మీద ఉంది. నడిపే ఆవిడ పేరు గ్వెండా, మా వయసుదే. నల్ల గుడ్డ పరిచిన బల్ల మీద మూడు లెన్స్‌లు పెట్టింది.

"ఇది కొత్త జూమ్ అండీ. రెండు వందల నుంచి ఆరు వందల దాకా పోతుంది. ఒడ్డున కుర్చీ వేసుకుని కూర్చుని తీసుకోవచ్చు. వెలుతురు మాత్రం ఆరు పాయింట్ మూడే."

"నా పాతదే మళ్ళీ," అన్నాడు డెస్, దాన్ని ముట్టుకోకుండా.

"ఇది నాలుగు వందల మిల్లీమీటర్లు, వెలుతురు రెండు పాయింట్ ఎనిమిది. ఆటలు తీసేవాళ్ళు దీనికోసం పెళ్ళాన్ని కూడా తాకట్టు పెడతారు. పాత మోడలు, ఆరు కిలోలు. మూడోది మూడు వందలు. వెలుతురు దానిదీ అంతే, బరువు సగమే. కాకపోతే దూరం లాగదు."

"అంకెలు ఎంత తక్కువైతే అంత వెలుతురు కదా?" అన్నాను నేను.

"అంతే అమ్మా. ఆరు పాయింట్ మూడుకు ఒక గ్లాసు వెలుతురు వస్తే, రెండు పాయింట్ ఎనిమిదికి ఐదు గ్లాసులు."

డెస్ నాలుగు వందల లెన్స్ ఎత్తి, కిటికీలోంచి ఎదుటి భవనం మెట్ల కింద చీకట్లోకి చూశాడు. అక్కడ ఏముందో నాకు కనపడలేదు. వాడి నోరు కొంచెం తెరుచుకుంది.

"అక్కా, అక్కడ పావురం ఉంది. దాని కన్ను కనిపిస్తోంది."

ఆ మాట అంటుండగానే విరిగి అతుక్కున్న వాడి కుడి భుజం బరువుకు కిందికి జారింది. మొహం పక్కకు తిప్పుకుని లెన్స్ మెల్లగా దించాడు. పెదవి కొరుక్కోవడం నేను చూశాను. ఆరు కిలోల బరువుతో వాడు బురదలో నడవడం తలుచుకున్నాను. భుజం తప్పుకుంటే, పడితే, ఆ బరువు వాడి మీద పడితే.

"అది వద్దు," అన్నాను.

"ఒంటికాలు స్టాండు మీద పెట్టుకుంటా."

"బురదలోకి అది నీతోపాటు నడిచొస్తుందా? మోసేది నువ్వేగా. వద్దు."

"చూశావా గ్వెండా," అన్నాడు డెస్, "కొనేది నేను, మోసేది నేను, వద్దనేది మా అక్క."

"మా ఆయన ఉన్నన్నాళ్ళూ మా ఇంట్లోనూ అంతేనండీ," అని ఆవిడ నవ్వింది.

నేను బయలుదేరింది జూమ్ కొనిపించాలని. ఒడ్డున కూర్చోబెట్టే లెన్స్, ఐదుంపావుకు ఇంటికి పంపే లెన్స్. నోటి చివర దాకా వచ్చింది ఆ మాట. కానీ పావురం కన్ను చూసినప్పటి వాడి మొహం కళ్ళ ముందు నుంచి పోలేదు. దిబ్బ మీదినుంచి మూడు వందలు చాలదని వాడే అన్నాడు. అప్పుడు గ్వెండా సొరుగులోంచి అరచేతిలో పట్టే గుండ్రటి ముక్క ఒకటి తీసింది.

"దీన్ని కన్వర్టర్ అంటారు. లెన్స్‌కూ కెమెరాకూ మధ్య బిగిస్తే మూడు వందలు నాలుగు వందల ఇరవై అవుతుంది. బదులుగా వెలుతురు సగం తినేస్తుంది. అయినా మీ పాత లెన్స్ కంటే నయమే. లెన్స్ తీసుకుంటే ఇది ఊరికే ఇస్తాను."

నేను కాగితం మీద రాసుకుని చూశాను. బరువు తక్కువ. కన్వర్టర్ ఉంటే దిబ్బ దాటనక్కర్లేదు. వెలుతురు కూడా వాడికి కొంత దక్కుతుంది. అన్నీ కలిసొచ్చాయి అనిపించింది.

"ఇది తీసుకో," అన్నాను. "కానీ బురద దగ్గర ఎప్పుడూ కన్వర్టర్ బిగించే తీయాలి. దిబ్బ దాటకూడదు."

"సరే."

"ఒట్టేసి చెప్పు."

"గ్వెండా ముందు ఒట్టేమిటే, నీ మొహం. సరే అన్నాగా."

డెస్‌కు ఆ లెన్స్ ఎంత నచ్చిందంటే డిసెంబరులో మొదలయ్యే మా వానాకాలమంతా ఇంటి వరండాలో కూర్చుని బల్లుల్ని, కప్పల్ని తీశాడు. మార్చిలో పక్షులు కదలడం మొదలుపెట్టాయి. మొదటి సాయంత్రం దిబ్బ మీదినుంచి ఆరు గంటలకు వచ్చాడు. కెమెరా వెనక తెర మీద నాకు బొమ్మ చూపించాడు. ఐదూ యాభైకి తీసినది. పక్షి ముక్కుకు అంటిన బురద చుక్క కూడా కనిపిస్తోంది.

"ఎలా ఉంది?"

"బాగుంది. పాతదైతే ఐదుంపావుకే వచ్చేవాడివి."

"పాతది గుడ్డిది."

ఆ రోజే ఒక పద్ధతి పెట్టుకున్నాం. నీరు తిరిగే వేళకు నేను కారు దీపాలు మూడుసార్లు వెలిగించి ఆర్పాలి. వాడు టోపీ పైకెత్తాలి, అంటే చూశాను, వస్తున్నాను అని. మొదటిసారి టోపీ ఎత్తిన ఐదు నిమిషాల్లో బయలుదేరాడు. రెండోసారి పావుగంట పట్టింది. మూడోసారి టోపీ ఎత్తి, మళ్ళీ వంగి, అలాగే ఉండిపోయాడు. కీత్ రక్షణ పడవలో స్వచ్ఛందంగా పనిచేస్తాడు. వాడికి ఫోన్ చేశాను. వాళ్ళు పడవ దించి, ఇంజను వేసేసరికి డెస్ ఒడ్డెక్కి ఈల వేసుకుంటూ వస్తున్నాడు.

"ఆంటీ," అన్నాడు కీత్ ఫోన్లో, "ఆరుగురం అన్నం ముందునుంచి లేచొచ్చాం. మావాళ్ళు నీ పేరు మీద సైరన్ పెడదామంటున్నారు."

ఊళ్ళో ఒక వారం అదే నవ్వులాట. డెస్ నాతో రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు, "నన్ను నవ్వులపాలు చెయ్యకే అక్కా. ఈ బురదలో పుట్టినవాణ్ణి," అన్నాడు. ఇక అలా చేయనన్నాను.

ఆ ఏడు ఏప్రిల్ పున్నమి గుడ్ ఫ్రైడే రోజున వచ్చింది. దుకాణాలు లేవు, ఫుట్‌బాల్ లేదు. మధ్యాహ్నం చేపల పులుసు, అన్నం తిన్నాం. డెస్ రెండోసారి వడ్డించుకోలేదు. ఇవాళే, అన్నాడు. నాలుగున్నరకు కొండగట్టు మీద కారు ఆపాం. ఫోన్ బురదలో పాడవుతుందని ఎప్పటిలాగే కారులో వదిలేశాడు. వెనక సీట్లో కూర్చుని లెన్స్ బిగించుకున్నాడు.

"ఐదున్నరకు నీరు తిరుగుతుంది," అన్నాను పట్టిక చూసి. "పెద్ద పోటు."

"తెలుసు."

"చంద్రుడు ఐదూ యాభై ఐదుకు."

"అదీ తెలుసు. ఫ్లాస్కులో టీ అంతా నువ్వే తాగెయ్యకు."

వాడు ఎర్రమట్టి దారి దిగి పోయాడు. నేను టీ కోసం వెనక్కి తిరిగాను. సీటు మీద వాడి పాత మేజోడు ఒకటి ముడివేసి ఉంది. తడిమి చూస్తే గుండ్రంగా, గట్టిగా తగిలింది. విప్పాను. కన్వర్టర్. రెండు పక్కలా మూతలు పెట్టి జాగ్రత్తగా చుట్టాడు. మరిచిపోయి వదిలింది కాదు.

అది చూడగానే వాడు ఏం చేయబోతున్నాడో నాకు మొత్తం అర్థమైంది. ఎన్నోసార్లు నేనే చదివి వినిపించాను: వెలుతురు తగ్గేకొద్దీ ముందు కన్వర్టర్ తీసేయాలి, తగ్గిన దూరాన్ని కాళ్ళతో నడిచి పూడ్చుకోవాలి. అనుభవం ఉన్నవాళ్ళంతా అలాగే చేస్తారని ఆ పుస్తకంలో ఉంది. మైదానంలో అయితే పది అడుగులు ముందుకు జరిగితే సరిపోతుంది. ఇక్కడ దిబ్బ దాటి బురదలోకి పోవాలి.

కారు దిగి గట్టు అంచున నిలబడి కేకేశాను. గాలి నా మొహం మీదికే కొడుతోంది. బైనాక్యులర్‌లో చూస్తే వాడు దిబ్బ ఎక్కాడు, ఆగలేదు, అవతలికి దిగాడు. మడమ దాకా, తర్వాత పిక్కల దాకా దిగబడుతున్నాడు. ఇంకో రెండు వందల అడుగులు పోయి స్టాండు గుచ్చి నిలబడ్డాడు. వాడికి ముందు వేల పక్షులు నేల మీద నల్లగా పరుచుకుని ఉన్నాయి.

ఐదున్నరకు దీపాలు మూడుసార్లు వెలిగించాను. టోపీ ఎత్తాడు. కానీ కదల్లేదు. ఐదూ నలభైకి మళ్ళీ వెలిగించాను. టోపీ ఎత్తాడు, ఈసారి వెనక్కి తిరగకుండానే. పొద్దు గుంకింది. ఐదూ యాభై ఐదు దాటాక చంద్రుడు ఎర్రగా, ముక్కలైనట్టు నీళ్ళ అంచున కనిపించాడు. ఇవతల కాలువలో సన్నగా వెండి గీత మెరిసింది.

ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. కీత్ ఇంట్లో వాళ్ళంతా భోజనాలకు కూర్చునే వేళ. డెస్ ఏమంటాడో చెవిలో వినిపించింది. ఇంకో ఐదు నిమిషాలు చూద్దామనుకున్నాను. తర్వాత ఇంకో ఐదు. పది నిమిషాలు ఆ ఫోన్ అలా పట్టుకుని నిలబడ్డాను.

ఆరు దాటాక పక్షులు లేచాయి. ఒక్కసారిగా కాదు, దుప్పటి అంచు పట్టుకుని లాగినట్టు ఒక పక్కనుంచి లేచాయి. అరుపులు గట్టు దాకా వినిపించాయి. గుంపు ఒకసారి చుట్టు తిరిగి, చంద్రుడి మీదుగా వచ్చింది. డెస్ లెన్స్‌ను వాటితోపాటు తిప్పుతూ వెళ్ళాడు. కాళ్ళు మాత్రం కదల్లేదు. అంతసేపు ఒకేచోట నిలబడితే ఆ బురద మోకాళ్ళ దాకా లాగి పట్టుకుంటుంది. పక్షులు నా తల మీదుగా ఉత్తరానికి పోయాయి. నేను వాటిని చూడలేదు. వాడు స్టాండు పట్టుకుని ఒక కాలు లాగుతున్నాడు. కుడి చేత్తో లాగలేక ఎడమ చెయ్యి వేశాడు. కాలువలో వెండి గీత అప్పటికి వెడల్పు దారి అయింది.

"కీత్," అన్నాను ఫోన్లో, "ఈసారి నిజం."

"ఎక్కడ ఆంటీ?" అన్నాడు కీత్.

నేను దారి దిగి కాలువ దాకా వెళ్ళాను. నీళ్ళు తొడల దాకా వచ్చాయి, ముందుకు తోస్తున్నాయి. వాడి పేరు పెట్టి అరిచాను. ఒకసారి బదులు వచ్చింది. "లెన్స్ వదిలేశా అక్కా!" అన్నాడు. నాకు ధైర్యం చెప్పడానికి అన్నాడు. చంద్రుడి వెలుగులో దిబ్బ మీద వాడి ఆకారం కోసం చూశాను. దిబ్బ కూడా కనపడలేదు.

పడవ ఆరూ నలభైకి వచ్చింది. కీత్ దీపం వేసుకుని ఆ ప్రాంతమంతా తిరిగాడు. తెల్లారాక నీరు వెనక్కి తీసినప్పుడు ఇరవై మంది చెక్కలు పరుచుకుంటూ బురదలోకి నడిచారు. మూడో రోజు విమానం కూడా వచ్చింది. ఆరో రోజు వెతకడం ఆపారు. కీత్ వచ్చి మా మెట్ల మీద చాలాసేపు కూర్చున్నాడు.

"ఆ రోజు నేను నిన్ను ఎగతాళి చెయ్యకుండా ఉండాల్సింది ఆంటీ," అన్నాడు.

"నువ్వొక్కడివే చేశావా," అన్నాను. నేను అన్నది వాడికి ఊరటగా ఉందో లేదో తెలియదు.

విచారణలో ఒక అధికారి నన్ను అడిగాడు: ఆయనకు ఆటుపోట్ల సంగతి తెలుసా? తెలుసు అన్నాను. ఈత వచ్చా? వచ్చు. తాగి ఉన్నారా? లేదు. అతను అన్నీ రాసుకున్నాడు. ఏ లెన్స్ అని అడగలేదు. ఎవరు ఎంచారని అడగలేదు.

నా తమ్ముడు డెస్మండ్ 2019 ఏప్రిల్ పంతొమ్మిదో తేదీ, శుక్రవారం సాయంత్రం నాలుగున్నరకు అఖాతంలోకి నడిచి వెళ్ళాడు. తిరిగి రాలేదు.